తారు పోగు

పోయిన వారం, నేనింకా బతికే ఉన్నానని సంతకం పెట్టడానికి ఎర్రమంజిల్ వెళ్లాను. పెన్షన్ తీసుకునే మన ఈడు వాళ్లకి ఈ తతంగం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫోనులో మొహం చూపిస్తే చాలట ఇప్పుడు, అలా చేసెయ్యమని పక్కింటివాళ్లు రెండేళ్లుగా పోరుతున్నారుగానీ, ఫోనుకు మొహం చూపించి బతికున్నానని నమ్మించడం నాకెందుకో మనస్కరించదు. అదీగాక ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి, బయటికి వెళ్లడానికి సర్కారు తరఫున ఒక కారణం దొరికితే దాన్ని వదులుకునేంత తెలివితక్కువదాన్ని కాను. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రెండో స్టేషనులో దిగి, ఎండ ముదరకముందే ఆఫీసు చేరుకుందామని నడుస్తుంటే, దారిలో గుంతలు పూడుస్తున్నవాళ్ల దగ్గర్నుంచి కాగిన తారు వాసన వచ్చింది. అందరూ ముక్కు మూసుకుని పోతున్నారు. నేను మాత్రం పిచ్చిదానిలా ఆగి నిలబడ్డాను, ఎందుకంటే ముప్పై నాలుగేళ్లు నా చీరల్లోంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోని వాసన అది.

సంతకం పని పది నిమిషాల్లో అయిపోయింది. ఇంటికి పోయి చేసేదేమీ లేక, వెనక భవనంలో నేను పనిచేసిన పరీక్షశాల వైపు నడిచాను. దానికిప్పుడు అద్దాల తలుపులొచ్చాయి, లోపల ఏసీ, గోడకి తెల్ల పలకలు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఇంజనీరు పిల్ల ఒకతి నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, కొత్త యంత్రం చూపించింది. రూపాయి బిళ్లంత తారు ముక్కను రెండు పలకల మధ్య పెట్టి మీట నొక్కితే, అది దాన్ని వేడిచేస్తూ చల్లారుస్తూ, అటూ ఇటూ మెలిపెడుతూ, ఎంత వేడికి ఎంత జారుతుందో, ఎంత చలికి ఎంత బిగుస్తుందో, వదిలేస్తే మళ్లీ ఎంతవరకు వెనక్కి వస్తుందో మొత్తం గీతలుగా గీసి కంప్యూటరులో పెడుతుందట. నేను నోరు తెరుచుకుని చూశాను. మా రోజుల్లో వారం పట్టే పని అది. ఆ పిల్ల మీట నొక్కి, టీకి బయల్దేరబోతుంటే, మరి దీన్ని ఎవరు చూస్తారమ్మా అని అడిగాను.

"చూసేదేమున్నది మేడం," అంది ఆ పిల్ల. "అదే చూస్కుంటది, అదే రాస్కుంటది."

నవ్వుతూ అన్న ఆ మాటకి నేనూ నవ్వాను. ఆ గదిలో తారును చూడటానికి ఒకప్పుడు ఇద్దరు మనుషులు నిలబడేవాళ్లు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని, రెండోవారి గురించే ఇదంతా రాయడం.

మాది సిరిసిల్ల. పుట్టింట్లో మగ్గాలు, అత్తింట్లో మగ్గాలు. నా ఆరేడేళ్ల వయసు నుంచే, నాన్న నేస్తుంటే పక్కన కూర్చుని పడుగులో ఎక్కడ పోగు తెగిందో చూసి అతకడం నా పని. వేల పోగుల మధ్య తెగిన ఒక్కటి ఎలా కనిపిస్తుందని ఎవరైనా అడిగితే చెప్పలేను, ఈల వేయడం ఎలాగో చెప్పలేనట్టే. మా ఆయన మాత్రం మగ్గం వద్దని పట్నం వచ్చి, రోడ్ల శాఖలో రోడ్డురోలరు నడిపే ఉద్యోగంలో చేరాడు. పెళ్లైన నాలుగో ఏడు జ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. ఆయన ఉద్యోగానికి బదులుగా నాకేదో ఒకటి ఇవ్వాలి కాబట్టి, పదో తరగతి చదివానన్న ఒక్క ఆధారంతో, తారు పరీక్షశాలలో సహాయకురాలిగా తాత్కాలికంగా వేశారు. అత్తమ్మా నేనూ అమీర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. కొడుకు పోయిన దుఃఖంలో ఆమె రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప, అందులో ఆరు "నీళ్లు పట్టినవా", "తలుపు ఏసినవా" అన్నవే. అప్పటి అమీర్‌పేటలో ఈ కోచింగు సెంటర్ల గుంపులు లేవుగానీ, ఎంతమంది మనుషులున్నా నాతో మాట్లాడేవాళ్లు లేనప్పుడు ఊరు పెద్దదైతేనేం చిన్నదైతేనేం.

పరీక్షశాలకి పెద్ద దిక్కు మా పెద్ద సారు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి, నేను చేరేనాటికి యాభై దాటాయి. భార్య పోయి చాలా కాలమైంది, ఉన్న ఒక్క అక్కగారు రాజమండ్రిలో. పంజాగుట్టలో ఒక మేడ మీది గదిలో ఉంటూ, పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి తాళం తీసి, సాయంత్రం అందరికన్నా చివర వెళ్లేవారు. తెల్ల పంచె కట్టుకుని తారు పని చేసే మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకొకరిని చూడలేదు. అంతకన్నా వింత, ఆ పంచె మీద ఎన్నడూ మచ్చ చూడలేదు. నన్ను మొదటిరోజు ఎగాదిగా చూసి, ఇక్కడ చదువు అక్కర్లేదమ్మాయ్, తొందర లేకుండా ఉంటే చాలు అన్నారు. నాకు తొందర ఏముంటుంది, ఇంటికెళ్తే ఏముందని.

తారును అడగాల్సినవి రెండే ప్రశ్నలని ఆయన చెప్పేవారు, ఎంత వేడికి మెత్తబడతావు, ఎంత లాగితే తెగుతావు అని. మెత్తబడటం చూడటానికి ఇత్తడి ఉంగరంలో తారు పోసి, దానిమీద ఉక్కు గోలీ పెట్టి, నీళ్లలో ముంచి నిమిషానికి అయిదు డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ పోతే, ఒకచోట తారు ఓపిక నశించి గోలీతో సహా కిందికి జారుతుంది. గట్టితనం చూడటానికి సన్నటి సూది బరువుతో అయిదు సెకన్లు గుచ్చడం. ఇవి ఒక్క మనిషి చేసేవే. మూడోది మాత్రం లాగుడు పరీక్ష, అది ఇద్దరి పని.

ఆ పరీక్షకి మనిషి పడుకునేంత పొడుగు నీళ్ల తొట్టి ఒకటి ఉండేది. నడుము సన్నంగా ఉండే ఇత్తడి అచ్చులో పోసిన తారు బిళ్లను దాంట్లో ఒక కొసకి తగిలించి, యంత్రం తిప్పితే, నిమిషానికి అయిదు సెంటీమీటర్ల చొప్పున అది సాగుతూ పోతుంది. వేలంత లావున మొదలైన తారు పుల్లగా, దారంగా, చివరికి వెంట్రుకలా మారుతుంది. డెబ్బై అయిదు సెంటీమీటర్ల దాకా తెగకుండా వస్తే ఆ తారు రోడ్డుకి పనికొస్తుంది, ఈలోపు తెగితే ఆ డ్రమ్ములన్నీ వెనక్కి. నీళ్లు సరిగ్గా ఇరవై ఏడు డిగ్రీలుండాలి. తారు నీళ్లకన్నా ఒక రవ్వ బరువు కాబట్టి, వట్టి నీళ్లలో పోగు వంగి తొట్టి అడుక్కి అంటుకుని తెగుతుంది. అలా తెగితే అది తారు తప్పు కాదు, నీళ్లు పెట్టినవాళ్ల తప్పు, ఆ పరీక్ష చెల్లదు. అందుకని నీళ్లలో ఉప్పు కలిపేవాళ్లం. వంటింట్లో వాడే దొడ్డుప్పే, గళ్ల మూతున్న రేకు డబ్బాలో ఉండేది. ఎంత కలపాలో కొలిచే గాజు పరికరం ఉందిగానీ, పెద్ద సారు దాన్ని నమ్మేవారు కాదు. ప్రతి పరీక్షకి ముందు చిటికెనవేలు తొట్టిలో ముంచి నాలుకకు రాసుకుని, మా ఊరి సముద్రంలో సగం ఉంటే చాలు అనేవారు. సముద్రమే చూడని దానికి ఆ లెక్క ఎట్లా తెలుస్తుందని నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని, కానీ మూడు నెలల్లో నా నాలుకకీ ఆ రుచి పట్టుబడింది. ఒకరోజు నా కూరలో ఉప్పు తక్కువైందని ఆ డబ్బాలోంచే చిటికెడు తీసుకుంటే, ఇక నువ్వు ల్యాబు ఉప్పు తిన్నదానివమ్మాయ్, ఎక్కడికీ పోలేవు అని ఆటపట్టించారు.

పోగు సాగుతున్న పావుగంటా, ఇరవై నిమిషాలూ మాట్లాడకూడదని ఆయన పెట్టిన కట్టుబాటు. ఊపిరికి నీళ్లు కదులుతాయని కారణం చెప్పేవారుగానీ, అది ఆయన భక్తి అనుకుంటాను. తొట్టికి ఈ పక్క ఆయన, ఆ పక్క పుస్తకం పట్టుకుని నేను. అయిదు సెంటీమీటర్లకోసారి ఆయన మెల్లగా అంకె చెబుతారు, నేను రాస్తాను. ఆ నిశ్శబ్దం నా ఇంటి నిశ్శబ్దం లాంటిది కాదు. ఇద్దరు మనుషులు ఒకే వస్తువును కళ్లార్పకుండా చూస్తున్నప్పుడు ఉండే నిశ్శబ్దం వేరు. దాన్ని స్నేహం అనొచ్చో అనకూడదో నాకు తెలియదు. రోజు మొత్తంలో నేను ఒంటరిదాన్ని కాదనిపించిన సమయం అదొక్కటే, అందుకని ఆదివారాలంటే నాకు ఒళ్లుమంటగా ఉండేది.

చేరిన ఏడాదికో ఏమో, ఒకరోజు పోగు ఎనభై ఎనిమిది దగ్గర తెగింది. నేను స్పష్టంగా చూశాను. ఆయన మాత్రం తొంభై అన్నారు, కాసేపాగి తొంభై అయిదు అన్నారు, అప్పుడు వంగి చూసి, తెగిందమ్మాయ్, తొంభై ఆరు రాయి అన్నారు. నేను ఎనభై ఎనిమిదే రాశాను. తరువాత గమనిస్తే అర్థమైంది, ఆయన రెండు కళ్లలోనూ శుక్లాలు. యంత్రం మర ఎన్ని చుట్లు తిరిగిందో చెవులతో లెక్కపెట్టి అంకె చెబుతున్నారేగానీ, పోగు లావుగా ఉన్నంతసేపే ఆయనకి కనిపిస్తోంది. ఆ రోజుల్లో శుక్లం ముదిరేదాకా ఆగమనేవాళ్లు, ఆపరేషనంటే వారాల తరబడి కట్టు కట్టుకుని పడుకోవడం, ఆ తరువాత సీసా అడుగంత దళసరి అద్దాలు. ఆ సంగతి ఆఫీసుకి తెలిస్తే పరీక్షశాలలో ఉంచరు. రిటైరవడానికి ఇంక మూడేళ్లుంది. ఆ గది తప్ప ఆయనకి ఈ ఊళ్లో ఇంకేముంది.

మర్నాడు పోగు తెగిన క్షణంలో, చేతిలో ఉన్న పుస్తకం టప్పున మూశాను, అంతే. ఆయన తల కొద్దిగా నావైపు తిరిగింది, వెంటనే అంకె చెప్పేశారు, సరిగ్గా అదే అంకె. అలా మొదలైంది. రెండేళ్ల పైచిలుకు, ఎన్ని డ్రమ్ముల తారు పరీక్షించామో లెక్కలేదు, పోగు తెగితే నేను పుస్తకం మూసేదాన్ని, ఆయన అంకె చెప్పేవారు. దాని గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. చూడని అంకె రాయకూడదని అందరికీ చెప్పే మనిషి నా కళ్లతో చూసి సంతకం పెడుతున్నారని నాకు తెలుసు, ఆయనకీ తెలుసనే అనుకునేదాన్ని. మోసమంటారా, అనండి. ఆ పుస్తకంలో ఒక్క తప్పుడంకె లేదని మాత్రం ఇప్పటికీ ఎవరి ముందైనా చెబుతాను. ఒక్కటి తప్ప.

ఆయన రిటైరవడానికి ఎనిమిది నెలలుందనగా, నడివేసవిలో వచ్చింది ఆ రోజు. వానలు పడేలోపు పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా రోడ్డు మీద కొత్త పొర వెయ్యాలి. దానికోసం వచ్చిన డ్రమ్ముల మీద ఏదో తగాదా వచ్చి, పరీక్షను కళ్లారా చూస్తానని మాసబ్ ట్యాంక్ ఆఫీసు నుంచి పై అధికారి వస్తానన్నాడు. నన్ను శాశ్వతం చేసే కాగితం కూడా ఆ అధికారి బల్ల మీదే ఉంది. వచ్చీరాగానే థర్మామీటరు చూస్తాడట, అరడిగ్రీ తేడా ఉన్నా ఒప్పుకోడట అని ముందురోజే మా జవాను భయపెట్టి పోయాడు. నాకు రాత్రంతా అదే ధ్యాస, ఇరవై ఏడు, ఇరవై ఏడు.

పొద్దున్నే తొట్టి నింపి, ఎప్పట్లాగే ఉప్పు కలిపాను. పెద్ద సారు వేలు ముంచి రుచి చూసి సరే అన్నారు. కానీ ఆ రోజు ఎండ అలాంటిలాంటిది కాదు, పదకొండుకల్లా నీళ్లు ముప్పై రెండు దాటాయి. అమీర్‌పేట మార్కెట్ నుంచి ఊకలో చుట్టి తెచ్చిన ఐసుగడ్డ పగలగొట్టి వేశాను. తొట్టి పొర్లుతుంటే నాలుగు చెంబులు తోడి పారబోశాను. కాసేపటికి మళ్లీ వేడెక్కింది, మళ్లీ ఐసు, మళ్లీ తోడిపోయడం. అధికారి రావడం ఆలస్యమైనకొద్దీ అలా ఎన్నిసార్లు చేశానో గుర్తులేదు. పెద్ద సారు గుమ్మం దగ్గర ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. నా కళ్లు థర్మామీటరును వదల్లేదు. నేను పారబోస్తున్నది ఉప్పునీళ్లనీ, వేస్తున్నది వట్టి మంచినీళ్ల ఐసనీ, ఆ గదిలో ఏళ్లుగా పనిచేస్తున్న నాకు, ఉప్పు రుచి నాలుక మీద ఉన్న నాకు, ఒక్కసారి కూడా తట్టలేదు. అధికారి వచ్చేసరికి నీళ్లు సరిగ్గా ఇరవై ఏడున్నాయి. ఆయన థర్మామీటరు చూసి తలాడించాడు, నేను పొంగిపోయాను.

యంత్రం తిప్పారు. తొట్టికి అటు పెద్ద సారు, ఇటు నేను, నా పక్కన అధికారి. పది, పదిహేను, ఇరవై. ముప్పై దాటాక పోగు నడుమ కొద్దిగా వంగినట్టనిపించింది. ముప్పై అయిదుకి ఇంకొంచెం వంగింది. అప్పుడు గుర్తొచ్చింది ఉప్పు. నలభై దగ్గర పోగు కడుపు తొట్టి అడుక్కి అంటుకుంది. ఆపండి సారూ, నీళ్లలో ఉప్పు చాలలేదు, నాదే తప్పు అని ఒక్క మాట అంటే సరిపోయేది. మళ్లీ నీళ్లు పెట్టడానికి గంట పడుతుంది, అధికారి విసుక్కుంటాడు, అంతే కదా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆయన బల్ల మీదున్న నా కాగితం, గదిలో గోడవైపు తిరిగి పడుకున్న అత్తమ్మ, ఈ రెండే కనిపించాయి. నలభై ఆరు దగ్గర పోగు తెగింది.

పుస్తకం మూయలేదు నేను. మూస్తే పెద్ద సారు నలభై ఆరు అంటారు, అధికారి వంగి చూస్తాడు, అడుక్కి అంటుకున్న తారు కనిపిస్తుంది, నీళ్లు పెట్టిందెవరంటాడు. ఒక్క క్షణం ఆలోచించుకుందామనుకున్నాను. ఆ క్షణంలో పెద్ద సారు యాభై అన్నారు. ఇక మూయడానికి లేకుండా పోయింది. యాభై అయిదు, అరవై, ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తూ పోయాను. తెగిన రెండు కొసలూ దూరంగా జరిగిపోతున్నాయి, మధ్యలో ఏమీ లేదు, ఆయన మాత్రం ఎప్పట్లాగే ఊపిరి బిగబట్టి, నీళ్లు కదలకుండా, మెల్లగా అంకెలు చెబుతున్నారు. నా పుస్తకం చప్పుడు కాలేదు కాబట్టి పోగు బాగుందనే ఆయన నమ్మకం. అధికారి మొదట ఆయన్ని చూశాడు, తరువాత తొట్టిని చూశాడు, తరువాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డెబ్బై అయిదు దాకా చెప్పనిచ్చాడు.

"పోగు ఎక్కడుందండీ? చూపించండి," అన్నాడు.

పెద్ద సారు వేలు నీళ్లలో పెట్టారు, పోగు ఉండాల్సిన చోట. అక్కడేమీ తగల్లేదు. కొంచెం ఇటు జరిపారు, కొంచెం అటు జరిపారు. ఆ తెల్లటి పంచె మీద మొదటిసారి తడి పడింది. ఎంతసేపు వెతికారో చెప్పలేను, ఆ వేలు ఇంకా వెతుకుతున్నట్టే ఉంటుంది నాకు. అధికారి నావైపు తిరిగి, ఈయనకు కళ్లు కనపడవని నీకు తెలుసా అని అడిగాడు.

"నాకెర్కలేదు సార్," అన్నాను.

మూడడుగుల దూరంలో నిలబడి ఆయన ఆ మాట విన్నారు. అధికారి కాగితం రాయడానికి పక్కగదిలోకి పోయాక, మేమిద్దరమే మిగిలాం. పెద్ద సారు అలవాటు కొద్దీ, తడి చిటికెనవేలు నాలుకకి రాసుకున్నారు. తరువాత నేనున్న వైపు మొహం తిప్పి, నన్ను చూడలేని ఆ కళ్లతోనే చూశారు. తిడతారని ఎదురుచూశాను, తిట్టాలనీ కోరుకున్నాను. కండువాతో వేలు తుడుచుకుని, తొట్టి కడిగి మళ్లీ నీళ్లు పెట్టమ్మాయ్ అని మామూలుగా చెప్పి, కుర్చీలో కూర్చున్నారు.

మధ్యాహ్నం అవే డ్రమ్ముల తారు, ఉప్పు సరిగ్గా వేసిన నీళ్లలో, వంద సెంటీమీటర్లు తెగకుండా వచ్చింది. అంకెలు నేనే చెప్పాను, నేనే రాసుకున్నాను. పొద్దున తెగిన పోగు సంగతి ఎవరూ అడగలేదు, తగిలించినప్పుడు ఏదో తేడా జరిగి ఉంటుందని సరిపెట్టుకున్నారు. అందరికీ కావలసింది గుడ్డి ముసలాయన కథ, అది దొరికింది. నోరు తెరిచి ఉప్పు అన్న ఒక్క మాట అంటే ఆ కథ కనీసం సగమైనా తిరగబడేది, అధికారి ముందు ఆ మాట అనే హక్కు నాకన్నా ఎక్కువ ఆయనకే ఉంది. ఆయన అనలేదు. సోమవారంకల్లా ఆయన్ని సనత్‌నగర్ గోదాముకి మార్చారు, వచ్చిన డ్రమ్ములు దించుకునే చోటికి. రెండేళ్ల రిపోర్టులన్నీ అనుమానంలో పడ్డాయి. దాచి ఉంచిన నమూనాల్లో కొన్ని మళ్లీ పరీక్షిస్తే అన్నీ సరిపోయాయి, అయినా గుడ్డివాడు పాస్ చేసిన రోడ్లు అనే మాట ఆఫీసు మెట్ల మీద చాలాకాలం తిరిగింది. ముప్పై ఏళ్లు సంపాదించుకున్న పేరు అలా పోయింది. నా కాగితం మీద మాత్రం ఆ నెలలోనే సంతకం పడింది.

వానలు మొదలయ్యాక ఒక శనివారం ధైర్యం చేసి సనత్‌నగర్ వెళ్లాను. ఫ్యాక్టరీల మధ్య రేకుల షెడ్డు, దాని ముందు ఒక బల్ల, ఆ బల్ల దగ్గర మా పెద్ద సారు. పంచె బదులు ప్యాంటు వేసుకున్నారు, దాని మీద తారు మచ్చలున్నాయి. నడక చప్పుడుకే గుర్తుపట్టి, కూర్చో అమ్మాయ్ అని ఒక డబ్బా చూపించారు. అత్తమ్మ ఒంట్లో ఎలా ఉందన్నారు, శాశ్వతం అయినట్టు విన్నాను, సంతోషం అన్నారు. వాన రేకుల మీద పడుతోంది. దారంతా మూటగట్టుకుని వచ్చిన మాట బయటికి తీశాను.

"సారూ, గా దినం తొట్టిల ఉప్పు..."

"ఉప్పు సరిగానే ఉందమ్మా," అన్నారాయన, నన్ను ముగించనివ్వకుండా. "నేను రుచి చూశానుగా."

పోగు సాగుతున్నప్పుడు నిలబడినట్టే కూర్చున్నాం. చివరికి ఆయనే అడిగారు, ఇప్పుడు తొట్టికి అవతలి పక్క ఎవరుంటున్నారని. ఎవరూ లేరని, నేనొక్కదాన్నే చేస్తున్నానని చెప్పాను. ఒక్క మనిషి చెయ్యకూడదమ్మా అది అన్నారు, ఎవరినైనా ఇమ్మని అడుగు అన్నారు. నేను అడిగాను, ఇస్తామన్నారు, ఎవరినీ ఇవ్వలేదు. మళ్లీ వెళ్తానని ఆయనకి మాటిచ్చి వచ్చాను, వెళ్లలేదు. ఆయన ఆ అబద్ధం అంత తేలికగా చెప్పకపోతే వెళ్లేదాన్నేమో. తిట్టినవాళ్ల గడప తొక్కొచ్చుగానీ, క్షమించినవాళ్ల మొహం చూడటం కష్టం. రిటైరై రాజమండ్రిలో అక్కగారి దగ్గరికి వెళ్లిపోయారనీ, అక్కడ కళ్లు బాగుచేయించుకున్నారనీ తెలిసింది. ఇంకొన్నేళ్లకి పోయారని కూడా ఎవరో చెప్పారు.

నేను మాత్రం ఆ గదిలో ముప్పై ఏళ్లు పైనే ఉన్నాను, అందులో ఎక్కువ కాలం ఒంటరిగా. మధ్యలో అత్తమ్మ పోయింది. తొట్టి దగ్గర నిలబడి పోగు సాగినంతసేపూ అయిదు సెంటీమీటర్లకోసారి అంకె పైకి చెప్పేదాన్ని, వినేవాళ్లు లేకపోయినా. పోగు తెగితే పుస్తకం మూసేదాన్ని. వెర్రిదనుకున్నారో ఏమో, జవాన్లు తలుపు దగ్గరే ఆగిపోయేవాళ్లు. నన్ను మాత్రం ఉప్పు తూచకుండా రుచి చూసే మేడమ్‌గా కుర్ర ఇంజనీర్లు కథలుగా చెప్పుకునేవాళ్లు, ఆ రుచి ఎవరిదో వాళ్లకేం తెలుసు.

నా కళ్లకూ శుక్లాలు వచ్చాయి, రెండేళ్ల క్రితం పంజాగుట్టలోనే తీయించుకున్నాను. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను, కట్టు లేదు, దళసరి అద్దాలు లేవు, ముదిరేదాకా ఆగమన్నవాళ్లు లేరు. పావుగంట పని. ఆ పావుగంటా బల్ల మీద పడుకుని నేను అనుకున్నది ఒకటే, ఈ పావుగంట ఆయనకు ఆనాడు దొరికి ఉంటే అని. ఇప్పుడు అన్నీ తేలికైపోయాయి, మంచిదే. ఆ ఇంజనీరు పిల్ల ఎవరి కళ్లూ కాపాడక్కర్లేదు, ఎవరి తప్పూ దాచక్కర్లేదు. యంత్రానికి మొహమాటాలుండవు, ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు ఉండదు. పంజాగుట్ట రోడ్డులో ఎన్ని పొరల కింద మా ఆనాటి తారు ఉందో, అది పైనున్న ఈ బస్సుల బరువుకి ఇంకా ఎంత సాగుతోందో అడిగేవాళ్లూ లేరు.

ఆ పిల్ల టీకి వెళ్లాక నేను వరండాలోకి వచ్చాను. మా పాత తొట్టి అక్కడే ఉంది, గోడవారగా, విరిగిన కుర్చీల పక్కన. పారేయడానికి కూడా ఎవరికీ తీరిక చిక్కలేదు కాబోలు. లోపల కొద్దిగా వాననీళ్లున్నాయి. దాని పక్కన, ఎప్పుడూ నేను నిలబడే చోట నిలబడ్డాను. అవతలి పక్క గోడకు ఆనించి ఉండటంవల్ల అక్కడ మనిషి నిలబడే చోటు కూడా లేదు. లోపల యంత్రం తన పని తాను చేసుకుంటూ సన్నగా చప్పుడు చేస్తోంది. నా సంచిలో పెన్షన్ పుస్తకం ఉంది. దాన్ని తీసి, తెరిచి, టప్పున మూశాను.

"తెగింది సారూ," అన్నాను. "నలభై ఆరు కాడ."